అదనపు వారంటీ: ధర్మశాస్త్రం ఏమంటుంది, చట్టం ఏమిస్తుంది?

ఉప్పల్ చౌరస్తా నుండి హబ్సిగూడ, అక్కడి నుండి నాచారం, మల్లాపూర్ వైపు సాగే దారిలో గృహోపకరణాల దుకాణాలకు కొదువ లేదు. ఫ్రిజ్జో వాషింగ్ మెషినో ఎంచుకుని, బేరం కుదిరి, డబ్బు చెల్లించబోయే వేళకు అమ్మేవాడు మరొక మాట కలుపుతాడు: "ఇంకో రెండు వేలు కట్టండి భాయ్, మూడేళ్ళు నిశ్చింతగా ఉండవచ్చు." ఆ రెండు వేలకు ఒక కాగితం చేతికి వస్తుంది. దాని మీద ఎక్స్‌టెండెడ్ వారంటీ అని పెద్ద అక్షరాలలో ఉంటుంది. క్రింద సన్నని అక్షరాలలో ఉన్నదాన్ని ఆ పూట చదివేవారు అరుదు. చదవవలసిన అవసరం యంత్రం ఆగిపోయిన రోజున కలుగుతుంది.

నాచారంలో అద్దె ఇంట్లో ఉంటూ ఉప్పల్ పారిశ్రామికవాడలో నెల జీతానికి పనిచేసే ఒక గృహస్థును ఊహించుకుందాం. ఇరవై రెండు వేలకు వాషింగ్ మెషిన్ కొన్నాడు. కంపెనీ ఇచ్చిన రెండేళ్ళ వారంటీ చాలదనుకుని, రెండు వేల నాలుగు వందలు చెల్లించి మరి మూడేళ్ళ అదనపు వారంటీ తీసుకున్నాడు. మూడవ యేట యంత్రం తిరగడం మానేసింది. ఫోన్ చేస్తే ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. నాలుగు రోజులకు ఒక కుర్రవాడు వచ్చి, మూత విప్పి చూసి, "బోర్డు పోయింది, వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల పోయింది, ఇది వారంటీలో రాదు" అని వ్రాసి, వచ్చినందుకు అయిదు వందలు తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ ఫోన్ చేస్తే మరొకడు వచ్చాడు. ఈసారి బోరు నీళ్ళ ఉప్పు పేరుకున్నదన్నాడు. కారణం మారింది, జవాబు మారలేదు. దుకాణానికి వెళితే, తాము అమ్మేవాళ్ళమే గాని బాగుచేసేవాళ్ళం కామన్నారు. ఇల్లాలు నెల రోజులుగా బట్టలు చేత్తో ఉతుకుతున్నది. ఇలాంటి కుటుంబాలు ఏ మొహల్లాలోనైనా కనబడతాయి.

ఇటువంటి వ్యక్తి జుమా నమాజు అనంతరం మౌలానా సాహెబ్‌ను అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఈ వారంటీ కొనడం జాయెజేనా? అయితే ఈ ఒక్క ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నవి. అమ్మిన వస్తువులోని లోపానికి విక్రేత ఎంతవరకు బాధ్యుడన్నది ఒకటి. ముందు ముందు వస్తువు చెడిపోతే బాగుచేస్తామని ఇప్పుడే డబ్బు తీసుకుని మాట ఇవ్వడం మరొకటి. మొదటిది కొనుగోలుదారు హక్కు, రెండవది వర్తకం. ఈ రెంటినీ విడదీయని పక్షంలో, తనకు ఊరకే రావలసినదాన్ని కూడా మనిషి డబ్బు పెట్టి కొనుక్కుంటాడు.

హక్కు సంగతి ముందు చూద్దాం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బజారులో ధాన్యపు రాశి ప్రక్కగా పోతూ అందులో చేయి పెట్టి చూశారనీ, లోపల తడి తగిలిందనీ హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. వాన వల్ల తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని స్పష్టం చేశారు. వాన కురిపించినవాడు ఆ వర్తకుడు కాడు. తడిని క్రిందికి తోసినవాడు మాత్రం అతడే. లోపం ఉండటానికీ దాన్ని దాచటానికీ మధ్య గల ఈ భేదం మీదనే తరువాతి కాలపు ధర్మశాస్త్రం నిలబడి ఉన్నది.

ఫిఖ్హ్ గ్రంథాలలో దీనిని ఖియారె ఐబ్ అంటారు. అంటే, వస్తువులో లోపం బయటపడినప్పుడు ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చివేయాలా అని నిర్ణయించుకునే అధికారం కొనుగోలుదారుకు ఉండటం. అమ్మకపు పత్రంలో ఆ మాట వ్రాసుకోకపోయినా ఈ అధికారం దానంతట అదే లభిస్తుంది. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు హనఫీ మజ్‌హబ్ ప్రకారం కూర్చిన మజల్లా అనే శాసన సంహిత సైతం, షరతులేవీ లేని అమ్మకమంటే లోపరహితమైన వస్తువు అమ్మకమేనని నిర్ధారించింది. లోపం విక్రేత వద్ద ఉన్నప్పటిదై ఉండాలి, కొనేటప్పుడు కొనుగోలుదారుకు అది తెలియకపోయి ఉండాలి. అప్పుడు అతడు వస్తువు వాపసు ఇచ్చి పూర్తి ధర తీసుకోవచ్చు, లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. ఉంచుకుంటూ ధర తగ్గించమని బలవంతం చేసే వీలు హనఫీల ప్రకారం లేదు. ఇద్దరూ రాజీపడితే అది వేరు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. పాత లోపం బయటపడక ముందే వస్తువుకు కొనుగోలుదారు చేతిలో మరొక దెబ్బ తగిలితే, దాన్ని వాపసు ఇవ్వలేడు. కాని అతని డబ్బు మునిగిపోదు. లోపం లేని వస్తువు విలువ ఇరవై వేలు, లోపమున్నదాని విలువ పదిహేను వేలు అని తెలిసినవారు తేల్చితే, తేడా నాల్గవ వంతు. అతడు పద్దెనిమిది వేలకు కొని ఉంటే, అందులో నాల్గవ వంతు, అంటే నాలుగున్నర వేలు విక్రేత తిరిగి ఇవ్వాలి. మరొక సంగతి. లోపం తెలిసిన తరువాత కూడా వస్తువును తనదిగా వాడుకుంటూ పోతే, దానికి సమ్మతించినట్లే లెక్క. ఆ అధికారం పోతుంది. కొత్త ఫ్రిజ్ మొదటి వారంలోనే శబ్దం చేస్తుంటే "చూద్దాంలే" అని ఆరు నెలలు గడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ లోపానికీ తన బాధ్యత లేదని ముందే చెప్పి అమ్మడాన్ని హనఫీ ఫిఖ్హ్ అంగీకరిస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అంగీకరిస్తుంది. పాత సామాన్ల బజారులో ఆ షరతుకు అర్థం కూడా ఉన్నది. కాని తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ షరతుతో మాసిపోదు. బిల్లు వెనుక సన్నని అక్షరాలలో అచ్చు వేసి, చదివే వ్యవధి కూడా ఇవ్వకుండా సంతకం తీసుకోవడం, ముందుగా నోటితో చెప్పి ఒప్పించడంతో సమానమని ఏ న్యాయదృష్టితోనూ అనలేము.

భారతదేశపు చట్టం కూడా నెమ్మదిగా ఈ దిక్కుకే వచ్చింది. ఇంగ్లీషు న్యాయంలో మొదటి సూత్రం కొనేవాడే జాగ్రత్తపడాలన్నది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఆ సూత్రాన్ని ఉంచుతూనే, ఆ రకం సరుకు అమ్మే వర్తకుడి వద్ద కొన్న వస్తువు అమ్మకయోగ్యమైన నాణ్యతతో ఉండాలన్న నియమం చేర్చింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే ముప్పై రోజులలో వాపసు తీసుకోవడానికి నిరాకరించడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

ఇక రెండవ విషయం. మూడవ యేట కాలిపోయిన బోర్డు కొన్ననాడే లోపంతో ఉన్నదని నిరూపించడం కష్టం. అక్కడ ఖియారె ఐబ్ చాలదు, విక్రేత ఇచ్చిన మాట మీద ఆధారపడాలి. అమ్మకంతో పాటే "ఒక సంవత్సరం లోపల చెడితే ఉచితంగా బాగుచేస్తాను" అని మాట ఇవ్వడం చెల్లుతుందా? అమ్మకానికి అదనపు షరతు తగిలించడాన్ని హనఫీ ఫుకహా మామూలుగా ఒప్పుకోరు. కాని జనంలో వాడుకగా స్థిరపడిన షరతును వారు మినహాయించారు. పాదరక్షకు పట్టీ బిగించి ఇవ్వాలన్న షరతుతో కొనడం హిదాయాలో ఉన్న ఉదాహరణ. తాళాన్ని తలుపుకు బిగించి ఇవ్వాలనీ, చిరిగిన వస్త్రానికి అతుకు వేసి ఇవ్వాలనీ షరతు పెట్టుకోవడం మజల్లాలోని ఉదాహరణలు. కంపెనీ వస్తువుతో పాటు ఇచ్చే వారంటీ ఈ కోవలోకే వస్తుంది. చర్మకారుని పట్టీకీ, నేటి ఫ్రిజ్ వారంటీకీ ఒకే సూత్రం వర్తించడం ఫిఖ్హ్ చదివేవారికి సంతోషం కలిగించే విషయమే.

ఇస్లామీయ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1998 నవంబరులో బహ్రయిన్ రాజధాని మనామాలో సమావేశమైనప్పుడు నిర్వహణ ఒప్పందాలను చర్చించింది. ఇది పాత గ్రంథాలలో పేరు లేని, కొత్తగా ఏర్పడిన ఒప్పందమనీ, దాని రూపాన్ని బట్టి తీర్పు మారుతుందనీ పేర్కొన్నది. అమ్మకంలోనే నిర్ణీత కాలానికి నిర్వహణ బాధ్యతను షరతుగా పెట్టుకోవడాన్ని అనుమతించింది. పనివాడు పని మాత్రమే చేసి, విడిభాగాలు యజమాని తెచ్చుకునే ఒప్పందాన్ని ఇజారాగా, అంటే శ్రమకు కూలి ఇచ్చే ఒప్పందంగా పరిగణించింది. పనీ కూలీ ముందే తెలిసి ఉంటే అది చెల్లుతుంది. కొన్ని ఇతర రూపాలను మాత్రం మరింత పరిశీలనకు వదిలివేసింది.

దుకాణంలో విడిగా అమ్మే అదనపు వారంటీలో కనిపించే చిక్కు గరర్. గరర్ అంటే ఒప్పందంలోని ఫలం అనిశ్చితంగా, మరుగుగా ఉండటం. నాచారం గృహస్థు చెల్లించిన రెండు వేల నాలుగు వందలు నిశ్చితం. దానికి బదులు అతనికి ఏమి దక్కుతుంది? యంత్రం చెడకపోతే ఏమీ దక్కదు. చెడితే రెండు వందల పైపు కావచ్చు, ఆరు వేల బోర్డు కావచ్చు. చెడిన కారణం మినహాయింపులలో ఉంటే మళ్ళీ ఏమీ దక్కదు. ఇది వాణిజ్య భీమాకు దగ్గర బంధువు. నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య భీమాలో పెద్ద గరర్ ఉన్నదని అదే అకాడమీ 1985 డిసెంబరులో జిద్దా సమావేశంలో నిర్ణయించింది. అదనపు వారంటీని దుకాణదారు గాక, తయారీదారు గాక, మూడవ కంపెనీ జారీ చేసే చోట ఈ పోలిక మరింత గట్టిది. తయారీదారే ఏడాదికి రెండుసార్లు మనిషిని పంపి యంత్రాన్ని శుభ్రపరచి, పరీక్షించి, సరిచేస్తానని వ్రాసి ఇచ్చే సర్వీసు ఒప్పందం దీనివంటిది కాదు. అక్కడ డబ్బుకు బదులుగా తెలిసిన పని ఒకటి ఉన్నది. అందుచేత పేరు వారంటీయా, సర్వీసు ప్లానా అన్నది ప్రధానం కాదు. ఎవరు ఇస్తున్నారు, ఏ పని చేస్తారు, ఎంతకాలం చేస్తారు అనే మూడింటికీ కాగితం మీద జవాబు దొరకనిదాన్ని వదిలివేయడమే మేలు. సందిగ్ధత మిగిలినవారు తాము విశ్వసించే ముఫ్తీకి ఆ కాగితమే చూపించి అడగడం మంచిది. కాగితం చూడకుండా ఇచ్చే జవాబు అసంపూర్ణంగానే ఉంటుంది.

ఇది వేరొక ఒప్పందమని పన్నుల శాఖ కూడా గుర్తించడం విశేషం. వస్తువు అమ్మినవారు ఒకరు, అదనపు వారంటీ ఇచ్చేవారు మరొకరు అయినప్పుడు, ఆ వారంటీని విడి సేవగా లెక్కించాలని 2024 జూన్ 26 నాటి జీఎస్టీ సర్క్యులర్ వివరించింది. బ్రిటన్‌లో ఈ వ్యాపారం మీద 2003లో విచారణ జరిగి, 2005లో ఒక ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం అక్కడి కొనుగోలుదారు నలభై అయిదు రోజుల లోపల మనసు మార్చుకుని, మరమ్మతు ఏదీ కోరి ఉండకపోతే, పూర్తి డబ్బు వెనక్కు తీసుకోవచ్చు. కౌంటరు వద్ద తొందరపెట్టి అమ్మే పద్ధతికి ఇంతకంటె సూటి మందు కనబడదు.

కాగితంలోని మినహాయింపులను ఈ ప్రాంతపు పరిస్థితులతో కలిపి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఉప్పల్, నాచారం నేల గ్రానైటు రాతి నేల. నల్లా నీళ్ళు చాలని చోట బోరు మీదా, ట్యాంకరు మీదా ఆధారపడాలి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. వేడి చేసే కడ్డీ మీద అవి తెల్లగా పేరుకుంటాయి. వేసవిలో ఏసీలన్నీ ఒక్కసారి తిరిగితే వోల్టేజి పడిపోతుంది. నీటి ఉప్పు, వోల్టేజి, తుప్పు, ఎలుకలు కొరికిన తీగలు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు: చాలా ప్లాన్లలో మినహాయింపుల పట్టీ ఇదే. అంటే ఇక్కడ యంత్రాలు ఏయే కారణాల వల్ల చెడతాయో, వాటిలో చాలా భాగాన్ని ముందే తీసివేసి మిగిలినదానికి హామీ ఇస్తున్నారన్నమాట. కంప్రెసరుకు పదేళ్ళు అని ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీ కూడా సాధారణంగా కంప్రెసరు ఒక్కదానికే. గ్యాసు నింపడానికీ, కూలికీ, రవాణాకూ డబ్బు వేరు. కొన్ని ప్లాన్లలో యేటేటా వస్తువు విలువ తగ్గించి, ఆ తగ్గిన విలువ వరకే చెల్లిస్తారు.

ఇంతకూ మరమ్మతు ఇంత జటిలం ఎందుకైంది? ఈ తూర్పు హైదరాబాదు ఒకప్పుడు టీవీలను కొన్న ఊరే కాక తయారు చేసిన ఊరు కూడా. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఏర్పడిన ఈసీఐఎల్ కర్మాగారం నాచారానికి ఎంతో దూరం కాదు; ఈసీ టీవీ అక్కడి పేరే. నగరంలో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమైంది. సనత్‌నగర్‌లో ఆల్విన్ ఫ్రిజ్‌లు తయారయ్యేవి. ఆనాటి టీవీని విప్పితే ప్రతి భాగమూ విడివిడిగా కనిపించేది. మీటరు, కావియ చేతబట్టిన మెకానిక్ కాలిన రెసిస్టరును కనిపెట్టి మార్చేవాడు. నేటి వాషింగ్ మెషిన్ బోర్డును తేమ తగలకుండా తరచు జిగురు పోసి గట్టిపరుస్తారు. తేమ నుండి అది బోర్డును కాపాడుతుంది, నిజమే. మెకానిక్‌ను కూడా దూరంగా ఉంచుతుంది. ఒక చిన్న భాగం పోతే మొత్తం బోర్డు మార్చాలి. ఆ బోర్డు కంపెనీ వద్దనే దొరకాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించి, ఆ సంవత్సరం డిసెంబరులో దీనికొక పోర్టల్ ప్రారంభించింది. విడిభాగాలూ, మరమ్మతు వివరాలూ బయటి పనివారికి కూడా అందుబాటులోకి తేవాలన్నది దాని ఉద్దేశం.

బాగుచేసే పనివాని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి; మన సోదరులలో ఈ పని చేసుకుని బ్రతికేవారు తక్కువేమీ కాదు. పది ఇళ్ళ పని చేసే మెకానిక్‌ను ఫిఖ్హ్‌లో అజీరె ముష్తరక్ అంటారు. అంటే ఒక్కరికే కాక అందరికీ పనిచేసే కూలి. తన చేతి పని వల్ల జరిగిన నష్టానికి అతడు బాధ్యుడు. చాకలి బాదడంలో గుడ్డ చిరిగితే చాకలిదే బాధ్యత అన్నది పాత ఉదాహరణ. అతని ప్రమేయం లేకుండా వస్తువు పోతే, అది అతని వద్ద అమానతు గనుక బాధ్యత లేదని ఇమామ్ అబూహనీఫా (రహ్మ) అభిప్రాయం. తప్పించుకోలేని విపత్తు తప్ప మిగతా సందర్భాలలో బాధ్యత ఉంటుందని వారి శిష్యులు అబూయూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) అన్నారు. చేతివృత్తులవారిని బాధ్యులుగా చేయనిదే జనం వ్యవహారం చక్కబడదని హజ్రత్ అలీ (రజి) భావించినట్లు కూడా ఉల్లేఖనం ఉన్నది.

వచ్చి చూసినందుకు రుసుము తీసుకోవడంలో తప్పు లేదు. చూడటం కూడా పనే. అయితే ఎంతో ముందే చెప్పాలి. మంచి భాగాన్ని చెడినదని చెప్పి మార్చడం తడి ధాన్యాన్ని క్రిందికి తోయడం వంటిదే. సర్వీసు కేంద్రాలలో చాలా చోట్ల కుర్రవాళ్ళకు ఇంటికింత అని లెక్క కట్టి ఇస్తారు. ఒక్కో ఇంట్లో అరగంట కంటె ఎక్కువ నిలవలేని ఆ కుర్రవాడి మీద కోపం చూపడం సులభం. అతడు వ్రాసిన రెండు పంక్తులను నిర్ణయించింది అతడు కాకపోవచ్చు.

నాచారం గృహస్థు ఇప్పుడు ఏమి చేయవచ్చు? అతని వద్ద ఒక బలమైన సాక్ష్యం ఉన్నది: ఒకే యంత్రానికి ఇద్దరు వ్రాసిన రెండు వేర్వేరు కారణాలు. ఆ రెండు చీటీలూ, బిల్లూ, వారంటీ కాగితమూ జతపరచి, వారంటీ ఇచ్చిన కంపెనీకీ, దుకాణానికీ లిఖితపూర్వకంగా తెలియజేయాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు సంఖ్య 1915. ఫోన్‌తోనే పరిష్కారమయ్యే తగాదాలు కొన్ని ఉంటాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. ఉప్పల్, నాచారం 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండి, ఆ యేటి అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చినవి. కంపెనీ కార్యాలయం ఢిల్లీలో ఉన్నా సరే, 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే దావా వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షలు మించకపోతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుండి కూడా దాఖలు చేయవచ్చు. లోపం ఏమిటో తేల్చడానికి వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉన్నది. వోల్టేజియా, ఉప్పునీళ్ళా అన్న వివాదం తెగేది అక్కడే. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలలలో, అవసరమైనదాన్ని అయిదు నెలలలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. ఆచరణలో ఆలస్యాలు ఉన్నవి.

వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళ లోపల ఫిర్యాదు చేయాలి. వారంటీలో రాదని మొదటి కుర్రవాడు వ్రాసి ఇచ్చిన చీటీ మీద తేదీ ఉన్నదో లేదో ఆ గృహస్థు ఈ రోజే చూసుకోవాలి. లేకపోతే, ఫిర్యాదు సంఖ్య వచ్చిన ఫోన్ సందేశాన్ని చెరిపివేయకుండా దాచుకోవాలి.